సొరంగంలోకి ఎదురు వెళ్ళినవాళ్ళు

ఎనిమిది వందల మిల్లీమీటర్ల వ్యాసమంటే దాదాపు రెండడుగుల ఎనిమిది అంగుళాలు. అంత ఇనుప గొట్టంలో మనిషి నిలబడలేడు. గొంతుకూర్చోవాలి, లేదా పాక్కుంటూ పోవాలి. 2023 నవంబరు 27 సాయంత్రం ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో కొందరు కూలీలు అలాంటి గొట్టంలోకి దూరారు. చేతుల్లో చిన్న పారలు, చేతి డ్రిల్లింగ్ యంత్రాలు. ఎదురుగా కూలిపడిన కొండ. దాని వెనక పదహారు రోజులుగా చిక్కుకుపోయిన 41 మంది కార్మికులు.

గొట్టంలోకి వెళ్ళినవాళ్ళు సైనికులు కారు, విపత్తు దళాల వాళ్ళూ కారు. ఢిల్లీలో రోడ్ల కింద మంచినీటి పైపులూ మురుగునీటి పైపులూ వేయడానికి మట్టి తవ్వి పొట్టపోసుకునే పన్నెండు మంది. పత్రికలు వాళ్ళను 'ర్యాట్ హోల్ మైనర్లు' అన్నాయి. ఎలుక బొరియలా తవ్వుకుంటూ పోతారని ఆ పేరు.

సిల్‌క్యారా సొరంగం యమునోత్రి వెళ్ళే దారిలో, ఉత్తరకాశీ జిల్లాలో ఉంది. పొడవు సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. ఆ ఏడాది నవంబరు 12న, దీపావళి నాటి తెల్లవారుజామున, ముఖద్వారానికి దాదాపు రెండు వందల మీటర్ల దూరంలో కప్పు కూలింది. అరవై మీటర్ల మేర రాళ్ళు, మట్టి, వంగిన ఇనుప కడ్డీలు దారిని మూసేశాయి. లోపలివాళ్ళ అదృష్టమల్లా ఒక్కటే: వాళ్ళ వెనక రెండు కిలోమీటర్ల సొరంగం చెక్కుచెదరలేదు. కరెంటు పోలేదు. ఒక సన్నని గొట్టం కూడా మిగిలింది. అందులోంచే గాలి, మరమరాలు, జీడిపప్పు, బాదం పంపించారు. తొమ్మిదో రోజున ఆరంగుళాల గొట్టం దూర్చాక గానీ వేడి కిచిడీ అందలేదు.

బయట జరిగిన హడావిడి అంతా ఇంతా కాదు. అమెరికాలో తయారైన పెద్ద ఆగర్ యంత్రాన్ని వాయుసేన విమానాల్లో తెచ్చారు. అది నలభై ఆరు నలభై ఏడు మీటర్లు తొలుచుకుపోయి, శిథిలాల్లోని ఇనుముకు చిక్కుకుని విరిగిపోయింది. విరిగిన ముక్కలు గొట్టంలోనే ఇరుక్కుపోతే, కోసి తీయడానికి హైదరాబాద్ నుంచి ప్లాస్మా కట్టర్‌ను విమానంలో తెప్పించారు. ఇంకోవైపు కొండ నెత్తిమీద నుంచి నిలువుగా బోరు వేయడం మొదలుపెట్టారు. అది ఎనభై మీటర్లకు పైగా దిగాలి. ఇక్కడ గొట్టం ముందు మిగిలింది పన్నెండు మీటర్ల లోపే. ఆ పన్నెండు మీటర్లకే పైపుల పనివాళ్ళను పిలిచారు.

వాళ్ళ పనితీరులో ఆర్భాటమేమీ లేదు. ఒకడు తవ్వుతాడు. వెనక ఒకడు మట్టి పోగుచేస్తాడు. మూడోవాడు దాన్ని చిన్న ట్రాలీలోకి ఎత్తుతాడు. బయటివాళ్ళు తాడుతో లాగుతారు. అలసిపోగానే మనుషులు మారతారు. ఇనుప కడ్డీ అడ్డమొస్తే గ్యాస్ కట్టర్‌తో కోయాలి. అంత ఇరుకు గొట్టంలో ఆ వేడీ పొగా ఎటూ పోవు. కాస్త ముందుకు తవ్వగానే యంత్రంతో గొట్టాన్ని లోపలికి నెడతారు. మళ్ళీ తవ్వకం.

నిపుణులకు రోజులు పట్టిన చోట వీళ్ళకు సుమారు ఒక్క రోజు సరిపోయింది. 28 సాయంత్రం ఆఖరి రాయి తొలగించి అవతలికి దూకినవాళ్ళను లోపలి కార్మికులు కౌగిలించుకుని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ రాత్రే 41 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

దీన్ని తెగింపు అనడం తేలిక. తెగింపు అంటే ముందువెనకలు చూడకపోవడమని చాలామంది అనుకుంటారు. ఈ కూలీల సంగతి అందుకు పూర్తిగా విరుద్ధం. మట్టి ఎక్కడ జారుతుందో, ఎంత తవ్వితే గొట్టం నెట్టాలో, ఊపిరి ఎప్పుడు బిగుస్తుందో వాళ్ళకు ఏళ్ళ తరబడి చేసిన పని వల్ల తెలుసు. ప్రమాదం ఎంతో కొలత తెలిసే లోపలికి వెళ్ళారు. ఆ కొలత తెలియనివాడు వెళ్ళి ఉంటే అది సాహసమయ్యేది కాదు, మరో ప్రమాదమయ్యేది.

లోపలివాళ్ళలోనూ అలాంటి మనిషి ఒకడున్నాడు. అంతకుముందూ ఒకసారి సొరంగంలో చిక్కుకున్న అనుభవం ఉన్న ఫోర్‌మన్. కుర్రాళ్ళచేత యోగా చేయించాడు, ఆ రెండు కిలోమీటర్లలో నడిపించాడు, అందరూ వెళ్ళాకే తాను బయటికి వస్తానని మాటిచ్చాడు. పదిహేడు రోజులు నలభై మందిని కుంగిపోనివ్వకుండా చూడటం తవ్వకం కంటే తక్కువ పనేం కాదు. దాన్ని కెమెరాలు పెద్దగా పట్టించుకోలేదు, అంతే.

ఆ ఘటనకు సుమారు నెల ముందు 'మిషన్ రాణీగంజ్' అనే హిందీ సినిమా వచ్చింది. అది జస్వంత్ సింగ్ గిల్ కథ. 1989 నవంబరులో పశ్చిమ బెంగాల్‌ రాణీగంజ్‌లోని మహావీర్ బొగ్గు గనిలోకి నీళ్ళు ముంచెత్తి 71 మంది కార్మికులు చిక్కుకున్నారు. ఆరుగురు మునిగి చనిపోయారు. మిగిలినవాళ్ళు ఉన్నచోటికి పైనుంచి బోరు వేయించి, మనిషి నిలువునా పట్టే ఇనుప క్యాప్సూల్ తయారుచేయించి, మొదట తానే అందులో దిగాడు గిల్. ఆయన గని ఇంజినీరు, కోల్ ఇండియా ఉద్యోగి. చీకట్లో నీళ్ళు పెరుగుతుంటే ఒక్కొక్కరినే పైకి పంపించాడు. 65 మందీ వచ్చాకే తాను వచ్చాడు. ప్రాణరక్షణకు ఇచ్చే అత్యున్నత పురస్కారం సర్వోత్తమ జీవన్ రక్షా పదక్ ఆయనకు దక్కింది. 2019లో కన్నుమూశాడు.

పైపుల కూలీలకు దక్కింది మాత్రం మనిషికి యాభై వేల రూపాయల చెక్కు. మొదట వాళ్ళు ఆ పనికి డబ్బే వద్దన్నారు. చెక్కు చూశాక, ఇంతకంటే ఏదైనా స్థిరమైన ఉద్యోగం ఇస్తే బాగుండేదని పైకే అన్నారు. తప్పేముంది? మూడు నెలలు గడిచాయో లేదో, 2024 ఫిబ్రవరిలో ఆ బృందం ముఖ్యుల్లో ఒకరి ఇంటిని ఈశాన్య ఢిల్లీలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ కూల్చేసింది. అది తమ స్థలంలో కట్టిన ఆక్రమణ అని సంస్థ చెప్పింది. గొడవ పెద్దదయ్యాక వేరేచోట ఫ్లాట్ ఇస్తామంది. ఆయన వద్దన్నాడు. చట్టపరంగా ఎవరిది ఒప్పో ఇక్కడ తేల్చలేం గానీ, దేశమంతా చప్పట్లు కొట్టిన చేతుల వేడి చల్లారకముందే జరిగిన పని అది.

ఇంకో వింత. ఎలుక బొరియ తవ్వకం అనేది మేఘాలయ బొగ్గు గనుల్లో పేరుపడ్డ పద్ధతి. పిల్లలూ పెద్దలూ పలచటి బొగ్గు పొరల్లోకి పాక్కుంటూ వెళ్ళి చచ్చిపోతున్నారని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లోనే దాన్ని నిషేధించింది. నిషేధం తర్వాత కూడా, 2018 డిసెంబరులో అక్కడి క్సాన్ గనిలోకి నీళ్ళు చొరబడి కనీసం పదిహేను మంది గల్లంతయ్యారు. ఢిల్లీ కూలీలు బొగ్గు తవ్వేవాళ్ళు కాదు నిజమే. అయినా ఒకచోట మనుషుల్ని మింగుతోందని ఆపించిన నేర్పే మరోచోట 41 మందిని కాపాడింది.

ఆ నేర్పు తెలంగాణకూ వచ్చింది.

2025 ఫిబ్రవరి 22 ఉదయం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో కప్పు కూలింది. నల్లగొండకు కృష్ణా నీళ్ళు తేవాలని దాదాపు రెండు దశాబ్దాలుగా తవ్వుతున్న, నలభై నాలుగు కిలోమీటర్ల సొరంగం అది. లోపల ఉన్నవాళ్ళలో చాలామంది పరుగున బయటపడ్డారు. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్‌ల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్ళు. సైన్యం, నౌకాదళం, జాతీయ విపత్తు దళం, సింగరేణి రెస్క్యూ సిబ్బంది, కేరళ పోలీసు జాగిలాలు, వాళ్ళతోపాటు సిల్‌క్యారా బృందంలోని కొందరూ దిగారు.

ఇక్కడ కథ వేరు. సిల్‌క్యారాలో శిథిలాలు పొడిగా ఉన్నాయి, ముఖద్వారానికి దగ్గర. ఇక్కడ ప్రమాదస్థలి పద్నాలుగు కిలోమీటర్ల లోపల. ఊట నీళ్ళు ఆగకుండా ఉబికి వచ్చి మట్టిని బురద చేశాయి. సొరంగం తొలిచే భారీ యంత్రమే ముక్కలై ఆ బురదలో కూరుకుపోయింది. లోకో రైలులో కొంతదూరం, ఆపైన నీళ్ళలో బురదలో నడక. మార్చి 9న ఒక మృతదేహం, 25న మరొకటి దొరికాయి. మిగతా ఆరుగురు దొరకలేదు.

సింగరేణి కార్మికులు షిఫ్టుల వారీగా వెళ్ళి బురద ఎత్తిపోశారు. వారాల తరబడి అదే పని. ఏ క్షణాన పైకప్పు మళ్ళీ జారుతుందో చెప్పలేని చోట, ప్రాణాలతో ఎవరూ ఉండరని తెలిశాక కూడా వెళ్ళారు. చివరి నలభై మీటర్ల పైచిలుకు భాగంలోకి ఇక వెళ్ళకూడదని నిపుణులు తేల్చడంతో ఏప్రిల్‌లో పనులు ఆపేశారు. వెనక్కి తగ్గమని చెప్పడానికీ ప్రమాదం ఎంతో తెలిపే ఆ కొలతే కావాలి. ఇంకో ఎనిమిది మందిని పోగొట్టుకోవడం ధైర్యం కిందికి రాదు.

సిల్‌క్యారా సొరంగం అదే నెలలో రెండు వైపుల నుంచి తవ్వకం పూర్తయి కలిసిపోయింది. శ్రీశైలం సొరంగంలో మాత్రం అప్పటికి ఇంకా తొమ్మిదిన్నర కిలోమీటర్లు మిగిలి ఉన్నాయి. దాన్ని ఇకపై పెద్ద యంత్రంతో కాకుండా డ్రిల్లింగ్, పేలుళ్ళ పద్ధతిలో తవ్వాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. అంటే రాతిముఖానికి మందు పెట్టడానికి, పేలాక కప్పును తట్టి చూడటానికి, రాళ్ళు ఎత్తడానికి ప్రతి షిఫ్టుకూ మళ్ళీ మనుషులే ముందు వెళ్ళాలి.