లింఫోమా చికిత్స: రక్తపరీక్ష చెప్పేదెంత?

సౌదీ అరేబియాలో కువైట్ సరిహద్దు పక్కనే ఉన్న చమురు పట్టణం ఖఫ్జీ. అక్కడ పనిచేసే మనవాళ్లలో ఒకరికి లింఫోమా వచ్చిందనుకుందాం. కీమో కోసం సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని దమ్మామ్‌కు, అక్కడి కింగ్ ఫహద్ స్పెషలిస్ట్ ఆస్పత్రిలాంటి క్యాన్సర్ కేంద్రానికి వెళ్లాలి. మధ్యలో చేయించే రక్తపరీక్షలకు మాత్రం ఉన్న ఊళ్లోని ల్యాబ్ చాలు. ఆ రిపోర్టు వాట్సాప్‌లో కరీంనగర్‌కో కడపకో చేరగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, ‘జబ్బు తగ్గుతోందా?’ అని.

ఆ ఒక్క కాగితం చూసి అవుననీ కాదనీ చెప్పలేం. లింఫోమా లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సరే అయినా, గడ్డలు ఎక్కువగా లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో పెరుగుతాయి. అందుకే జబ్బు ఉన్నా రక్తకణాలను లెక్కించే సీబీపీ నార్మల్‌గా రావచ్చు.

చికిత్స సమయంలో సీబీపీ ముఖ్యంగా చూపేది మందుల ప్రభావాన్ని. లింఫోమాకు ఇచ్చే ఆర్-చాప్ కీమో సాధారణంగా 21 రోజులకోసారి ఇస్తారు. ఎక్కించాక 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బాగా పడిపోతాయి. కీమో ఎముక మజ్జను అణచడం వల్ల ఇలా జరుగుతుంది, జబ్బు ముదిరి కాదు. కణాలు పెరగడానికి ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ తర్వాత తెల్లకణాలు ఒక్కసారిగా పెరిగినా అది మందు పనే.

జబ్బు తీవ్రతను కొంత పట్టిచ్చేది ఎల్‌డీహెచ్. ఇది దాదాపు అన్ని కణాల్లో ఉండే ఎంజైమ్. కణాలు పెద్దఎత్తున నశిస్తే రక్తంలోకి చేరుతుంది. వేగంగా పెరిగే లింఫోమాల తీవ్రతను అంచనా వేయడానికి 1993లో రూపొందిన అంతర్జాతీయ సూచికలోని అయిదు అంశాల్లో ఇదొకటి. మొదట్లో ఎక్కువగా ఉండి చికిత్సతో దిగుతుంటే మంచి సంకేతమే. కానీ కాలేయం, గుండె, కండరాలు దెబ్బతిన్నా ఇది పెరుగుతుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చిట్లితే ట్యూబులో పసుపు పచ్చగా తేలాల్సిన సీరం ఎర్రబారుతుంది, ఎల్‌డీహెచ్ అంకె ఉత్తపుణ్యానికి ఎగబాకుతుంది. అలాంటప్పుడు మళ్లీ రక్తం ఇచ్చి చూసుకోవాలి.

కొలమానాలతోనూ జాగ్రత్త. యూరిక్ యాసిడ్ ఒక ల్యాబ్‌లో డెసిలీటరుకు 7 మిల్లీగ్రాములని, మరోచోట లీటరుకు 416 మైక్రోమోల్స్ అని రావచ్చు. రెండూ ఒకటే. ఎల్‌డీహెచ్ గరిష్ఠ పరిమితి కూడా పరీక్షా పద్ధతిని బట్టి మారుతుంది. దమ్మామ్ అంకెను హైదరాబాద్ అంకెతో నేరుగా పోల్చకుండా, ఏ రిపోర్టును ఆ రిపోర్టులోని నార్మల్ పరిమితితోనే చూడాలి.

చాలా రకాల లింఫోమాల్లో గడ్డలు కరిగాయా లేదా అన్నది తేల్చేది పెట్ సీటీ స్కాన్. గడ్డ ఎంత మెరుస్తోందో కాలేయంతో, ఛాతీ మధ్యభాగంలోని రక్తంతో పోల్చి 1 నుంచి 5 దాకా డోవిల్ స్కోరు ఇస్తారు. చికిత్స ఫలితాన్ని అంచనా వేసే 2014 నాటి లుగానో ప్రమాణాలు దీన్నే ఆధారంగా తీసుకున్నాయి. చికిత్స ముగిశాక డాక్టర్ పరీక్షతోపాటు సీబీపీ, ఎల్‌డీహెచ్ నిఘాకు పనికొస్తాయి.

కాబట్టి ప్రతి రిపోర్టునూ తేదీల వరుసలో దాచండి, ఒక్క అంకె చూసి సంబరపడొద్దు, బెంబేలెత్తొద్దు. కీమో నడుస్తుండగా జ్వరం 38.3 డిగ్రీల సెల్సియస్, అంటే దాదాపు 101 ఫారన్‌హీట్ తాకితే మాత్రం రిపోర్టు కోసం, తెల్లారడం కోసం ఆగొద్దు. వెంటనే దగ్గరలోని ఎమర్జెన్సీకి వెళ్లి, కీమో తీసుకుంటున్నానని ముందే చెప్పండి.