ఉదయం ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు

ఈసారి గోడపత్రికకి కవిత ఇద్దామనుకున్నా. కానీ మా ఇంట్లో జరిగిన ఒక వాదన నన్ను వదల్లేదు.

మా మేనత్తకి కాకినాడలో పెద్దపేగు ఆపరేషన్ అయింది. పాడైన ముక్క తీసేసి, మిగిలిన రెండు కొసల్నీ కలిపి కుట్టారు. పొట్ట కోయకుండా లాపరోస్కోపీతోనే చేశారు. ఐదో రోజున ఇంటికి పంపితే "అప్పుడేనా!" అని నాన్నమ్మ కంగారు పడింది. మా అమ్మది పుదుచ్చేరి. ఇంట్లో తెలుగు, తమిళం రెండూ నడుస్తాయి. ఫ్రాన్స్‌లో ఉండే మావయ్య అదే రోజు ఫోన్ చేసి, "ఇక్కడ కొందర్ని ఆపరేషన్ అయిన సాయంత్రమే పంపేస్తున్నారు" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. నిజమేనా అని నేను చదవడం మొదలుపెట్టా.

నిజమే. లాపరోస్కోపీ అంటే పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి చేసే ఆపరేషన్. తీసిన పేగు ముక్క బయటికి రావడానికి ఒక రంధ్రాన్ని కొంచెం పెద్దది చేస్తారు. 1987లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఫిలిప్ మూరే అనే సర్జన్ ఇలా పిత్తాశయం తీశాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. కొన్నేళ్ళలోనే పెద్దపేగుకీ వచ్చింది. 2013లో అదే లియాన్‌లో డాక్టర్ బెన్వా జిన్యూ బృందం పెద్దపేగు ఆపరేషన్ చేసి, ఎంపిక చేసిన రోగుల్ని అదే రోజు ఇంటికి పంపడం మొదలుపెట్టింది.

గాటు చిన్నది కాబట్టే పంపేస్తున్నారని నేనూ అనుకున్నా. అది సగమే నిజం. డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ 1999లో, పొట్ట కోసి పేగు ఆపరేషన్ చేసిన వాళ్ళని కూడా రెండు రోజుల్లో పంపవచ్చని చూపించాడు. ఆయన అడిగిన ప్రశ్న ఒకటే: రోగి ఆసుపత్రిలో ఇంకా ఎందుకు ఉంది?

నొప్పి, వాంతి, పేగు కదలకపోవడం. ఇవే కారణాలు. పేగుని ముట్టుకుంటే అది కొన్నాళ్ళు మొద్దుబారిపోతుంది. అందుకే "గ్యాస్ పోయిందా?" అని రోజూ అడుగుతారు. అయితే మార్ఫిన్ లాంటి మందులు, అవసరానికి మించిన సెలైన్, మంచం దిగకపోవడం కూడా దాన్ని ఇంకా మొద్దుబారుస్తాయి. కాబట్టి మార్ఫిన్ తగ్గించి గాటు చుట్టూ తిమ్మిరి మందు ఇస్తారు. సెలైన్ కొలిచి ఎక్కిస్తారు. ఆపరేషన్‌కి రెండు గంటల ముందు వరకూ నీళ్ళు తాగనిస్తారు. అయిన కొన్ని గంటలకే తాగించి, లేపి నడిపిస్తారు.

ఇది చెప్తే నాన్నమ్మ "లంఖణం పరమౌషధం" అంది. అమ్మ తమిళంలో "పత్తియం" అంది. రెండు భాషల్లోనూ పథ్యమే గెలిచింది! కానీ ఇది పరదేశపు వింత కాదు. మన పుదుచ్చేరి జిప్మెర్ డాక్టర్లే, చిన్నపేగు మొదట్లో పుండుకి రంధ్రం పడి వచ్చిన రోగుల్లో ఇలాంటి పద్ధతి పాటించి చూశారు. ఆసుపత్రిలో ఉండాల్సిన కాలం సగటున నాలుగు రోజులకు పైగా తగ్గిందని 2018లో ప్రచురించారు.

మరి ప్రమాదం? పేగు కుట్టిన చోట కారడమే పెద్ద భయం. అది సాధారణంగా మొదటి రాత్రి కాదు, కొన్ని రోజులు గడిచాక బయటపడుతుంది. అందుకే మొదటి రాత్రి ఆసుపత్రిలో గడిపినంత మాత్రాన దాన్ని పట్టుకోలేం, ఆ తర్వాత గమనించే మనిషి కావాలి అంటారు. జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఉబ్బరం, వాంతులు, గుండెదడ. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి చెప్పాలి. ఫ్రాన్స్‌లో ఇంటికొచ్చి చూసే నర్సులున్నారు. యానాం నుంచి కాకినాడ ముప్పై కిలోమీటర్లు. అర్ధరాత్రి జ్వరమొస్తే బండి ఎవరు తీస్తారు? అందుకే వేరే పెద్ద జబ్బులు లేకుండా, ఆపరేషన్ సాఫీగా జరిగి, తాగగలిగి, నడవగలిగి, మాత్రలతో నొప్పి తగ్గి, ఇంట్లో తోడు, దగ్గర్లో ఆసుపత్రి ఉన్నవాళ్ళకే అదే రోజు డిశ్చార్జ్. ఎవరికి సరిపోతుందో సర్జనే చెప్పాలి.

ఇక్కడే నాకు ఇంకో సంగతి తట్టింది. ఇంటికొచ్చిన మూడో రోజున అత్త వంటింట్లో ఉంది. పరామర్శకి వచ్చినవాళ్ళకి టీ పెడుతోంది. నీళ్ళ బిందె కూడా తనే ఎత్తింది. కుట్లు గట్టిపడే దాకా కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదని కాగితం మీద రాసే ఉంది. ఆ కాగితం చదివింది నేనే. ఎవరికీ చెప్పలేదు. నడవడం మంచిదని డాక్టర్ చెప్తే మేం పని చెయ్యొచ్చని అర్థం చేసుకున్నాం. "ఆసుపత్రిలో అయిదు రోజులూ ఎవరో ఒకరు కాఫీ ఇచ్చారే" అని అత్త నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తొందరగా పంపడం మంచిదే. కానీ అప్పుడు ఆసుపత్రి చేసే పని ఇంటికొస్తుంది, ఆ ఇంట్లో రోగి ఆడమనిషైతే ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోవాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ అయితే డిశ్చార్జ్ కాగితం అందరికీ వినపడేలా చదవండి. రాత్రిపూట చెయ్యాల్సిన ఫోన్ నంబరు గోడ మీద రాయండి. వంట ఎవరిదో, నీళ్ళు ఎవరు పడతారో ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో ఇప్పుడు బిందె నేనూ తమ్ముడూ ఎత్తుతున్నాం.