నెత్తురు గడ్డకట్టు కాలము

రాత్రి పాలు తోడుపెట్టి, తెల్లవారగనే పెరుగు పేరుకొన్నదో లేదో చూడని గృహిణి యుండదు. నెత్తురునకును పేరుకొను గుణము కలదు. కత్తిపీటకు వేలు తెగినపుడు కొన్ని నిమిషములలోనే నెత్తురు గడ్డకట్టి గాయమును మూయును. గాయముకడ నిది రక్షణము. గుండెలోపల నిదియే ప్రాణాపాయము.

మా వదినెగారికి బాల్యమున కీళ్లవాతజ్వరము వచ్చి, దానివలన గుండెలోని కవాటమొకటి చెడెను. వైద్యులు శస్త్రచికిత్స చేసి కృత్రిమ కవాటము నమర్చిరి. దానిపై నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు చేరినచో పక్షవాతము కలుగవచ్చును. కావున వార్ఫరిన్ అను మాత్రను నిత్యము పుచ్చుకొని, నెలకొకమారు పరీక్ష చేయించుకొనుమని చెప్పిరి.

ఈ మందు పుట్టుక వింతయైనది. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, చెడిన యెండుగడ్డి మేసిన పశువులు నెత్తురు కారి చచ్చుచుండగా, ఒక రైతు ఆ గడ్డకట్టని నెత్తురును పాలక్యానులో పోసికొని కార్ల్ లింక్ అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు వచ్చెను. ఆ గడ్డిలోని విషమును వెదకిన పరిశోధననుండియే వార్ఫరిన్ పుట్టినది. 1948లో ఎలుకలమందుగా వెలసి, 1954 మొదలు మనుష్యులకు ఔషధమైనది. విషమునకును ఔషధమునకును భేదము మోతాదే గదా!

ఆ మోతాదు సరియైనదో కాదో తెలుపు పరీక్షను 1935లో ఆర్మండ్ క్విక్ అను అమెరికా వైద్యుడు ప్రకటించెను. సిట్రేటు ద్రవము ఒకపాలు, నెత్తురు తొమ్మిదిపాళ్లు చేరునట్లు గొట్టమును గీతవరకు నింపుదురు. సిట్రేటు నెత్తురులోని కాల్షియమును బంధించుటచే గడ్డకట్టుట యాగును. పిదప గొట్టమును యంత్రమున త్రిప్పి పైతేటను తీసి, అందు కాల్షియమును, గడ్డను ప్రేరేపించు పదార్థమును కలిపి, ఎన్ని సెకండ్లకు పేరుకొనునో లెక్కింతురు. మందు వాడని యారోగ్యవంతులకు సాధారణముగా 11 మొదలు 13 సెకండ్లు పట్టును. ఆ ప్రేరక పదార్థము అన్నిచోట్ల నొకే తీరున నుండదు గనుక, ఫలితములు సరిపోల్చుటకై 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐ.ఎన్.ఆర్. అను కొలతను స్వీకరించెను. మందు వాడనివారి కది యించుమించు 1 యుండును. మా వదినెగారికి 2.5కు తగ్గరాదు, 3.5కు మించరాదు. తగ్గిన గడ్డ భయము, మించిన రక్తస్రావ భయము.

ఒక కార్తికమాసమున ఆమె యుపవాసములు చేసెను. కూరలు తినుట తగ్గెను. పరీక్షకు పొమ్మన్న, “పండుగపూట ఇల్లు విడిచి యెట్లు కదలుదును? నెల వెళ్లనీ” అనెను. ఒకనాటి యుదయమున పండ్లు తోముకొన్నపుడు చిగుళ్లనుండి నెత్తురు ఆగలేదు. పరీక్షింపగా ఐ.ఎన్.ఆర్. 6 దాటియుండెను. వైద్యులు మందు నాపించి, రెండునాళ్లకు మరల పరీక్షించి కుదుర్చిరి.

ఆకుకూరలలోని కె విటమిను ఈ మందు శక్తిని తగ్గించును. అందుచే తోటకూర, పాలకూర బొత్తిగా మానవలదు, ఒక్కమారుగా పెంచవలదు. ఎల్లప్పుడు నొక్క తీరున తినవలయును. నొప్పిమాత్రలుగాని, జ్వరపు మందులుగాని, లేహ్యములుగాని వైద్యుని యడుగక పుచ్చుకొనరాదు. ఈ మందు గర్భస్థశిశువునకు హాని చేయగలదు. కాన సంతానము కోరు యువతులు ముందుగనే వైద్యునికి చెప్పవలయును; తమంతట తాము మాత్రము మందు మానరాదు.

మామగారి మందువేళ నొక్క నిమిషము తప్పనీయని మనము, మన పరీక్షను మాత్రము నెలలు వాయిదా వేయుదుము. అది త్యాగము కాదు, అజాగ్రత్త. ఇప్పుడు మా వదినెగారు పాలలెక్క వ్రాయు పుస్తకముననే తన పరీక్షదినమును, ఆనాటి యంకెను వ్రాసికొనుచున్నారు. ఆ లెక్క తప్పిన దినము మరల రాలేదు.