ఆదివారం రేడియోలో మాట



ఈనాటి ప్రసంగంలో రేడియో పాటను కాసేపు పక్కన పెట్టి, రేడియో మాట గురించి చెప్పుకుందాం. అందులోనూ ఆదివారం నాటి మాట. వార్తలు, నాటకం, ప్రసంగం, పిల్లల కార్యక్రమం, రైతుల ముచ్చట్లు, ధర్మసందేహాలు ఇవన్నీ ఒకే రోజున, ఒకే కేంద్రం నుంచి, ఒకదాని వెంట ఒకటి వస్తే వినేవారికి కలిగే మేలు ఏమిటి? సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఆ మేలు మరికాస్త ఎక్కువ కావడానికి కారణం ఏమిటి? ఇదీ విషయం.

ముందుగా చెన్నపట్నంలోని చింతాద్రిపేటకు వెళదాం. కూవం నది వంపులో ఉన్న ఈ పేట 1734 ప్రాంతంలో, గవర్నరు మోర్టన్ పిట్ కాలంలో, నేతపనివారి కోసం ఏర్పడింది. అంతకు ముందు అక్కడ సుంకురామ అనే వర్తకుడి తోట ఉండేది. తమిళంలో తరి అంటే మగ్గం. చిన్న మగ్గాల పేట కనుక 'చిన్న తరి పేట' అన్నారనీ, అదే చింతాద్రిపేట అయిందనీ చెబుతారు. కాలం మారింది. మగ్గాల పేటలోని రిచ్చీ వీధి రేడియో సామానుకు పేరుపడింది. వాల్వులు, ట్రాన్సిస్టర్లు, కండెన్సర్లు, స్పీకర్లు, ఏది కావాలన్నా రిచ్చీ వీధికి వెళ్ళమనేవారు. ఇవాళ అక్కడ కంప్యూటర్ల సామాను, సెల్‌ఫోన్ల సామాను ఎక్కువ.

అంటే రేడియో పెట్టె బజారులో దొరుకుతుంది. పెట్టెలోంచి వచ్చే మాట మాత్రం బజారులో దొరకదు. దాన్ని ఒకరు రాయాలి, ఒకరు పలకాలి, పదిమంది వినాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా పెట్టె ఉండీ లాభం లేదు.

చెన్నపట్నంలో ఆ మాట తొందరగానే మొదలైంది. 1924లో సి.వి. కృష్ణస్వామి శెట్టి, ఆయన మిత్రులు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టారు. డబ్బు చాలక 1927లో అది మూతపడింది. 1930లో నగర కార్పొరేషను ఆ పనిని చేపట్టింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. మొదటి నుంచీ అందులో తమిళంతో పాటు తెలుగూ వినిపించింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా ఆంధ్ర జిల్లాలకు తెలుగు మాట మద్రాసు నుంచే వచ్చేది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయింది అక్కడే. బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో ఉద్యోగంలో చేరిందీ అక్కడే.

ఇక ఆదివారం సంగతి. మాటల కార్యక్రమాలతో ఒక రోజును ఎలా నింపాలో, ఎలా నింపకూడదో రెండూ తెలుసుకోవడానికి బ్రిటన్ మంచి ఉదాహరణ. బి.బి.సి. 1922లో మొదలైంది. దాన్ని తీర్చిదిద్దిన జాన్ రీత్ దైవభక్తి, క్రమశిక్షణ గలవాడు. ఆదివారం ప్రార్థనకు, గంభీరమైన సంగీతానికి, ప్రసంగాలకు కేటాయించవలసిన రోజని ఆయన అభిప్రాయం. చర్చి వేళల్లో వినోద కార్యక్రమాలు వేయనిచ్చేవాడు కాదు. మరి జనం ఏం చేశారు? రేడియో మరను తిప్పారు! ఫ్రాన్సు తీరం నుంచి రేడియో నార్మండీ, 1933 నుంచి రేడియో లక్సెంబర్గు ఇంగ్లీషులో వినోదాన్ని వినిపించేవి. ఆదివారం వచ్చిందంటే ఎంతోమంది అటే మొగ్గేవారు. శ్రోతను కూర్చోబెట్టి మంచి చెప్పవచ్చు కానీ, మంచి ఒక్కటే చెబుతానంటే శ్రోత లేచిపోతాడని అప్పుడు తేలింది. 1940లో యుద్ధంలో ఉన్న సైనికుల కోసం వేరే ప్రసారం పెట్టవలసి వచ్చినప్పుడు ఆదివారపు బిగువు సడలింది.

ఆ తరవాత అక్కడి ఆదివారం ఎలా మారిందో చూడండి. 1967 నుంచి రేడియో ఫోర్ అనే కేంద్రం ముఖ్యంగా మాటల కోసమే నడుస్తున్నది. ఆదివారం తెల్లవారుజామున చర్చి గంటలు వినిపిస్తారు, తరవాత ప్రార్థన ఉంటుంది. అంటే రీత్ కోరినది పోలేదు. దాని పక్కన మిగతావీ వచ్చి చేరాయి. ఆర్చర్స్ అనే ధారావాహిక నాటకం ఉంది. ఆంబ్రిడ్జి అనే ఊహాగ్రామంలోని రైతు కుటుంబాల కథ అది. 1951 జనవరి 1 నుంచి దేశమంతటా ప్రసారమవుతున్నది. యుద్ధం తరవాత తిండిగింజల కొరత ఉన్న రోజుల్లో, వ్యవసాయశాఖ సలహాలను రైతు చెవిన వేయడానికి మొదలుపెట్టిన కథ. సలహా కథలో కలిసిపోయింది కనుక పట్నవాసులూ విన్నారు. వారంలో వచ్చిన భాగాలన్నిటినీ కలిపి ఆదివారం మళ్ళీ వినిపిస్తారు.

'డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్' అని మరొకటి. 1942 జనవరి 29న రాయ్ ప్లమ్లీ మొదలుపెట్టారు. ఎవరూ లేని దీవిలో చిక్కుకుంటే మీ వెంట ఏ ఎనిమిది రికార్డులు ఉండాలి, ఏ పుస్తకం ఉండాలి అని అతిథిని అడుగుతారు. అడిగేది పాటలే, వినేది మాత్రం ఆ మనిషి జీవితం! తోటల గురించి ఇంకొక కార్యక్రమం 1947 నుంచి ఉంది. నిపుణులు ఊరూరా తిరిగి సభలో జనం అడిగిన ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబులు చెబుతారు. ఇక ఆలిస్టర్ కుక్ అమెరికా నుంచి చదివిన జాబు 1946 నుంచి 2004 దాకా, యాభై ఎనిమిదేళ్ళు సాగింది. పావుగంట ప్రసంగం, ఒక్క మనిషి గొంతు. అంతే.

వీటిలో మూడు కిటుకులు ఉన్నాయి. ఒకటి, వేళ తప్పకపోవడం. వేళ తెలిస్తేనే వినడం అలవాటవుతుంది. రెండు, కలగలుపు. నాటకం కోసం రేడియో పెట్టినవారు దాని ముందు వచ్చే రైతు ముచ్చట కూడా వింటారు. తాను కోరని విషయం చెవిన పడటం వల్లనే మనిషి లోకజ్ఞానం పెరుగుతుంది. మూడు, చెవి కోసం రాయడం. చదివేవారు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోవచ్చు, వినేవారికి ఆ వీలు లేదు. అందుకే రేడియో వాక్యం చిన్నదిగా, నోటికి పలికేదిగా ఉండాలి.

మనకూ ఇవి తెలియనివి కావు. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ చెప్పిన ధర్మసందేహాలు, రామాయణ భారతాలు వినడానికి ఊరిలో రేడియో ఉన్న ఇంటి అరుగు మీదికి జనం చేరేవారు. ఆదివారం మధ్యాహ్నం నాటకానికి భోజనాలు ముందే ముగించేవారు. రామాయణం విన్న పెద్దమ్మ, బాలానందం విన్న మనవరాలు, పంటల సంగతి విన్న తాత అందరికీ ఒకటే పెట్టె, ఒకటే తెలుగు.

ఇప్పుడు సరిహద్దు సంగతికి వద్దాం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గీత మారింది కానీ ఇళ్ళలో భాష మారలేదు. మీడియం వేవ్ తరంగానికి ఆ గీత కనపడదు. పగలు అది నేలను అంటిపెట్టుకుని దూరం పోతుంది. రాత్రి ఆకాశంలోని పొరను తాకి తిరిగివచ్చి ఇంకా దూరం చేరుతుంది. ఎఫ్.ఎం. తరంగం దాదాపు చూపు ఆనినంత మేరకే. ఫోనులో అయితే దూరంతో పని లేకుండా ఆకాశవాణి తెలుగు కేంద్రాలను వినవచ్చు.

ఇంకొక సంగతి. తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన చట్టంతో బడుల్లో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కొక్క తరగతికి అది పాకింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం పిల్లలకు మంచిదే. అయితే ఇంటి భాషను బడిలో చదవని పిల్లలకు అది చెవి ద్వారానే అందాలి. ఇంట్లో వినే తెలుగు 'అన్నం తిను, నీళ్ళు తోడు' దగ్గర ఆగిపోతుంది. పంచాయతీ, పంట బీమా, గుండెజబ్బు, గ్రహణం, న్యాయం వంటి మాటలను తెలుగులో వినాలంటే, వార్తలూ ప్రసంగాలూ నాటకాలూ వినాలి. పాట ఒక్కటే వింటే ఆ మాటలు రావు. సరిహద్దులో మాటల రేడియో తెలుగు పిల్లలకు బడి లేని లోటును కొంతైనా తీరుస్తుందని చెప్పడం అందుకే.

కాబట్టి ఆదివారం ఒక్క గంట పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని మాటల కార్యక్రమం ఒకటి వినండి. అర్థంకాని మాట వస్తే చెప్పండి. నచ్చితే నచ్చిందని, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో కేంద్రానికి ఒక కార్డు ముక్క రాయండి. రీత్ కాలపు శ్రోతలు చెప్పకుండా మర తిప్పేశారు. మనం మర తిప్పే ముందు ఒక మాట చెబుదాం.