చెట్టు క్రింద కూర్చున్న బిడ్డను ఆటకు పిలువండి

ఈ ఉదయము మీతో ఆటలను గూర్చి మాట్లాడాలని ఆశపడుచున్నాను. పాస్టరుగారికి ఆటలతో పనేమిటని ఆశ్చర్యపోకండి. నన్ను ఆలోచింపజేసినది ఒక చిన్న అబ్బాయి.

కొన్ని సంవత్సరముల క్రితము వేసవి సెలవులలో మా సంఘపు పిల్లలకు ఆటల పోటీలు పెట్టాము. వారిలో ఊతకర్రతో నడిచే ఒక అబ్బాయి ఉన్నాడు. "నీవు చెట్టు క్రింద కూర్చొని పాయింట్లు వ్రాయి బాబూ" అన్నాను. ప్రేమతోనే అన్నాను. సాయంత్రము బహుమతులు పంచేటప్పుడు వాడు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, వచ్చే సంవత్సరము కూడా నేను లెక్కే వ్రాయాలా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ప్రియులారా, వికలాంగులకు ఆటలు ఎందుకు? వారికి విశ్రాంతి మేలు కాదా? ఒకప్పుడు వైద్యులు కూడా అలాగే తలంచేవారు. వెన్నుపూస దెబ్బతిని నడుము క్రింద చచ్చుబడినవారిని మంచము మీదనే ఉంచేవారు. పడకపుండ్లు, మూత్రసంబంధమైన ఇన్ఫెక్షన్లు వచ్చి అనేకులు మరణించేవారు. కదలకుండా ఉంచిన ఆ విశ్రాంతియే వారికి ప్రాణాంతకమైనది.

లూడ్విగ్ గుట్‌మన్ అను యూదు వైద్యుడు హిట్లరు పాలనలోని జర్మనీని విడిచి 1939లో ఇంగ్లాండు చేరాడు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో యుద్ధములో వెన్ను దెబ్బతిన్న సైనికుల కొరకు ఒక విభాగము ప్రారంభించాడు. ఆయన ఏమి చేశాడు? మొదటిగా, పుండ్లు పడకుండా రోగులను రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పించాడు. రెండవదిగా, వారి చేత పని చేయించాడు. మూడవదిగా, ఆటలు ఆడించాడు. విల్లు లాగితే భుజములు, చేతులు, నడుము పైభాగము బలపడును. చక్రాల కుర్చీలో నిలకడగా కూర్చొనుట వచ్చును. అంటే ఆట అక్కడ కాలక్షేపము కాదు, మందు.

1948 జూలై 29న లండన్‌లో ఒలింపిక్స్ ప్రారంభమైన రోజుననే, ఆ ఆసుపత్రి ఆవరణలో 16 మంది చక్రాల కుర్చీలలో కూర్చొని విలువిద్య పోటీ చేశారు. 1960లో రోమ్ నగరములో సుమారు 400 మంది పాల్గొన్నారు. పారాలింపిక్స్ అని మనము పిలిచే క్రీడలు ఇలా పుట్టినవే. 1965 యుద్ధములో తూటాలు తగిలి గాయపడిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్, 1972లో ఈతలో మన దేశమునకు మొదటి పారాలింపిక్ బంగారు పతకము తెచ్చాడు.

మరి ఊతకర్ర ఉన్న బిడ్డ ఎలా ఆడగలడు? ఇక్కడ ఒక సంగతి గమనించండి. బిడ్డను మార్చనక్కరలేదు, ఆటను కొంచెము మార్చితే చాలు. చక్రాల కుర్చీ టెన్నిస్‌లో బంతి రెండుసార్లు నేలను తాకవచ్చును. అంధుల క్రికెట్‌లో బంతి గలగల శబ్దము చేయును. బౌలరు చేయి క్రిందుగా దొర్లించి వేయును. కూర్చొని ఆడే వాలీబాల్‌లో నెట్ ఎత్తు తగ్గించి, కోర్టు చిన్నది చేస్తారు. అయితే చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్‌లో రింగు ఎత్తు అందరికి ఉన్నట్లే 3.05 మీటర్లు! అవసరమైనంతే మార్చుతారు, పోటీని మాత్రము తీసివేయరు.

మన తెలుగు నేలను చూడండి. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామములో కూలి పని చేసుకొనే తలిదండ్రులకు పుట్టిన జీవాంజి దీప్తికి మేధోపరమైన వైకల్యమున్నది. చిన్ననాట ఎన్నో హేళన మాటలు పడినది. అయితే బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును గమనించాడు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లను 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్య పతకము గెలిచినది. ఆ డ్రిల్లు పీరియడులో ఆమెను ప్రక్కన కూర్చోబెట్టియుంటే?

తలిదండ్రులారా, ఇది దయాధర్మము కాదు, హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలలు, ప్రభుత్వ నిధులు లేక గుర్తింపు పొందిన పాఠశాలలు ఈ బిడ్డలకు ఇతరులతో సమానముగా ఆటల అవకాశము ఇవ్వవలెను. మీ బిడ్డ ఏ కదలిక చేయవచ్చునో, ఏది కూడదో ముందుగా వైద్యుని అడగండి. తరువాత బడికి వెళ్లి, "మా బిడ్డ డ్రిల్లు పీరియడులో ఏమి చేయుచున్నాడు?" అని మాస్టారును అడగండి.

ఆ మరుసటి వేసవిలో మేము తాడు క్రిందికి కట్టి, పిల్లలందరిని నేల మీద కూర్చోబెట్టి త్రోబాల్ ఆడించాము. తడబడినవారు ఎవరో తెలుసా? పరుగెత్తుటకు అలవాటుపడిన పిల్లలే! మన అబ్బాయి గట్టి చేతులతో బంతిని పట్టి విసరుచుండగా, పాయింట్లు వ్రాసే పుస్తకము నా చేతిలో ఉన్నది. చెట్టు క్రింద కూర్చొన్నది ఈసారి నేనే.

మీ సంఘములో, మీ వీధిలో అలా చెట్టు క్రింద కూర్చొన్న బిడ్డ ఎవరు? ఈ వారము ఆ బిడ్డను ఆటకు పిలువండి. వచ్చే వారము ఇదే సమయమునకు మరల కలుసుకొందాము. అంతవరకు సెలవు.