అరచేతిలో విద్యుత్తు

‘దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అన్నది మన పెద్దల మాట. ఆముదపు దీపాల కాలంలో పుట్టిన ఈ సామెత విద్యుద్దీపాల యుగంలోనూ తన విలువను కోల్పోలేదు. పైగా దాని అర్థం మరింత విస్తరించింది. ఆనాడు దీపం ఆరితే ఇంటిపని మాత్రమే ఆగేది. ఈనాడు విద్యుత్తు ఆగితే వెలుగుతోపాటు గాలి, నీరు, వార్త, ఆత్మీయుల పలకరింపు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటింది. గంటకు 170 నుండి 180 కిలోమీటర్ల వేగంతో వీచిన పెనుగాలికి వేలాది విద్యుత్ స్తంభాలు నేలకొరిగాయి. మహానగరం రోజుల తరబడి అంధకారంలో మునిగిపోయింది. మోటార్లు తిరగక మేడలపైని నీటి తొట్టెలు వట్టిపోయాయి. సెల్‌ఫోన్ టవర్లు మూగవోయాయి. దూరప్రాంతాలలో ఉన్న బిడ్డలు తల్లిదండ్రుల క్షేమసమాచారం తెలియక తల్లడిల్లారు. టవర్లు ఒక్కొక్కటిగా తిరిగి పనిచేయసాగినా, బ్యాటరీ అడుగంటిన ఫోను చేతిలో ఉన్నవారికి ఆ సంకేతం వచ్చీ రానట్టే అయింది. ‘మేము క్షేమం’ అనే రెండు మాటలు చెప్పడానికి కావలసిన విద్యుత్తు ఎంత? చిటికెడు. ఆ చిటికెడే అప్పుడు కరవైంది.

ఇట్టి విపత్తుకు తుఫానే రానక్కరలేదు. 2012 జూలై 30, 31 తేదీలలో దేశంలోని విద్యుత్ గ్రిడ్లు వరుసగా కుప్పకూలాయి. రెండవ రోజున ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాలలో సుమారు అరవై కోట్ల మంది నివసించే ప్రాంతాలకు సరఫరా నిలిచిపోయింది. ఎంత పెద్ద వ్యవస్థకైనా తడబాటు తప్పదు. కనుక ప్రతి కుటుంబమూ కొంత విద్యుత్తును నిలువ చేసి ఉంచుకోవడం వివేకం. రైతు గాదెలో గింజలు దాచినట్లు మనం విద్యుత్తును దాచుకొనే చిన్న గాదెయే ‘పవర్ బ్యాంక్’.

విద్యుత్తును నిలువ చేయాలన్న మానవుని తపనకు రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. 1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా రాగి, జింకు బిళ్ళలను ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలతో దొంతరగా పేర్చి తొలి విద్యుద్ఘటాన్ని నిర్మించాడు. అయితే అది ఒకసారి ఖర్చయితే మరల నిండేది కాదు. 1859లో ఫ్రాన్స్ దేశీయుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను ఆమ్లంలో ముంచి, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయగల సంచాయక ఘటాన్ని రూపొందించాడు. నేటికీ మన ఇండ్లలోని ఇన్వర్టర్లకు, వాహనాలకు ఆధారమైన బ్యాటరీలలో అధికభాగం దాని సంతతియే. కాని సీసం బరువైన లోహం. ఒక ఇంటి ఇన్వర్టరు బ్యాటరీని కదిలించాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

ఆ బరువును దించినది లిథియం. లోహాలన్నింటిలోనూ ఇదే తేలికైనది. 1970వ దశకంలో స్టాన్లీ విట్టింగ్‌హామ్ లిథియం బ్యాటరీకి పునాది వేశాడు. 1980లో జాన్ గుడినఫ్ బృందం కోబాల్టు ఆక్సైడును ఉపయోగించి దాని శక్తిని పెంచింది. 1985లో జపాన్ శాస్త్రవేత్త అకీరా యోషినో శుద్ధ లిథియం లోహాన్ని తొలగించి, సురక్షితమైన నమూనాను తయారు చేశాడు. 1991లో సోనీ సంస్థ దానిని విపణిలోకి తెచ్చింది. ఈ మువ్వురికీ 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 సంవత్సరాలు. నోబెల్ పొందినవారిలో ఆయనే అందరికన్నా పెద్దవాడు.

ఈ ఘటం పనిచేసే తీరు ఆసక్తికరమైనది. ఒక ఇంటిలో రెండు గదులున్నాయనుకుందాం. ఒక గదిలో గ్రాఫైటు పొరలు, రెండవ గదిలో లోహపు ఆక్సైడు పొరలు ఉన్నాయి. నడుమ సూక్ష్మరంధ్రాలు గల పలుచని తెర ఉంది. రెండింటినీ కలుపుతూ విద్యుద్విశ్లేష్య ద్రవం వ్యాపించి ఉంటుంది. ఛార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ఆక్సైడు గదిని విడిచి, తెరను దాటి, గ్రాఫైటు పొరల నడుమ తలదాచుకొంటాయి. మనం వాడుకొనేటప్పుడు అవి తిరిగి స్వస్థానానికి చేరుకొంటాయి. ఎలక్ట్రాన్లకు మాత్రం ఆ లోపలి దారి లేదు. అవి బయటి తీగ గుండా చుట్టి రావలసిందే. ఆ చుట్టు ప్రయాణమే మన ఫోనును నింపే, మన దీపాన్ని వెలిగించే విద్యుత్ ప్రవాహం. ఈ రాకపోకలలో కొన్ని అయాన్లు చిక్కుబడిపోయి తిరిగిరావు. అందువలన కొన్ని వందల పర్యాయాలు ఛార్జి చేసిన పిమ్మట బ్యాటరీ సామర్థ్యం క్రమంగా తగ్గుతుంది.

పవర్ బ్యాంకును కొనేవారు దాని మీది అంకెలను అర్థం చేసుకోవాలి. ‘10,000 మిల్లీ ఆంపియర్ గంటలు’ అని చూడగానే, 5,000 సామర్థ్యం గల ఫోనును రెండుసార్లు నింపవచ్చునని చాలామంది తలుస్తారు. ఇది పొరపాటు. నీటి తొట్టెలో ఎంత నీరు ఉన్నదన్నదే కాక, అది ఎంత ఎత్తున ఉన్నదన్నదీ ముఖ్యమే కదా! విద్యుత్తులో ఆ ఎత్తు వంటిదే వోల్టేజి. పవర్ బ్యాంకులోని ఘటం వోల్టేజి సుమారు 3.7. పదివేల మిల్లీ ఆంపియర్ గంటలంటే 10 ఆంపియర్ గంటలు. దీనిని 3.7తో గుణిస్తే 37 వాట్ గంటలు. ఇదే అందులోని అసలు శక్తి. ఫోనుకు అందించడానికి లోపలి వలయం ఈ వోల్టేజిని అయిదుకు గాని, అంతకు మించి గాని పెంచాలి. ఆ మార్పులో కొంత శక్తి వేడిమిగా వృథా అవుతుంది. కనుక చేతికి అందేది సుమారు 31 వాట్ గంటలు. ఫోను తనలోనికి నింపుకొనేటప్పుడూ మరికొంత పోతుంది. 5,000 సామర్థ్యం గల ఫోనుకు కావలసింది సుమారు 19 వాట్ గంటలు. అంటే పవర్ బ్యాంకు దానిని ఒకటిన్నర పర్యాయాలు నింపగలదు. ‘రేటెడ్ కెపాసిటీ’ అన్న పేరుతో చిన్న అక్షరాలలో ముద్రించే అంకె ఈ నికర సామర్థ్యాన్నే తెలుపుతుంది. కొనేటప్పుడు చూడవలసింది దానినే.

ఈ లెక్క తెలిసినవారు తమ అవసరాన్ని ముందే తూచుకోగలరు. 31 వాట్ గంటలతో 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపం ఆరు గంటలు వెలుగుతుంది. ఒక రాత్రి చదువుకు అది చాలు. కాని 75 వాట్ల పంకా లెక్క ప్రకారం అరగంటైనా తిరగదు. పైగా పంకాకు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు కావాలి. సాధారణ పవర్ బ్యాంకు దానిని ఇవ్వలేదు. అందుకై ఇన్వర్టరును తనలోనే ఇముడ్చుకొన్న ‘పోర్టబుల్ పవర్ స్టేషన్లు’ వచ్చాయి. 500 వాట్ గంటల సామర్థ్యం గల పెట్టె ఆరేడు కిలోల బరువుంటుంది. 30 వాట్లతో తిరిగే కొత్తరకం పంకాను అది సుమారు పద్నాలుగు గంటలు నడపగలదు. 150 ఆంపియర్ గంటల ఇన్వర్టరు బ్యాటరీలో దీనికి మూడింతలకు పైగా, 1,800 వాట్ గంటల శక్తి ఉన్నా, దాని బరువు యాభై కిలోలకు పైమాటే. ఇల్లు విడిచి పునరావాస కేంద్రానికి వెళ్ళవలసినవాడు దానిని వెంట తీసుకొనిపోలేడు.

లెక్క తప్పితే ప్రాణం మీదికి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. శ్వాసకోశ వ్యాధిగ్రస్తులు వాడే ఆక్సిజన్ కాన్సంట్రేటరు సుమారు 300 వాట్ల విద్యుత్తును తీసుకొంటుంది. పైన చెప్పిన 500 వాట్ గంటల పెట్టె దానిని గంటన్నరకు మించి నడపలేదు. ‘ఇంత ఖరీదైన బ్యాటరీ ఉన్నది, రాత్రి గడుస్తుంది’ అని ఆ ఇంటివారు ధీమాగా నిద్రపోతే ఎంతటి అనర్థం! అట్టి ఇంట ఆక్సిజన్ సిలిండరును కూడా సిద్ధంగా ఉంచాలి. వైద్యుని సలహాను ముందుగానే తీసుకోవాలి. సాధనం ఎంత చేయగలదో తెలియడం ఎంత అవసరమో, ఎంత చేయలేదో తెలియడం అంతకన్నా అవసరం.

నిలువ చేసిన శక్తి నిప్పువంటిది. అదుపులో ఉన్నంతసేపే మిత్రుడు. బ్యాటరీలోని పలుచని తెర చిరిగితే రెండు గదులూ ఒకటై, పుట్టిన వేడి మరింత వేడిని పుట్టిస్తూ క్షణాలలో మంటగా మారుతుంది. అందుకే నాణ్యమైన పవర్ బ్యాంకులో అధిక ఛార్జింగును, అధిక ఉష్ణోగ్రతను, లఘువలయాన్ని నిరోధించే రక్షణ వలయం ఉంటుంది. మన దేశంలో అమ్మే పవర్ బ్యాంకులకు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. ఆ గుర్తు లేని చౌక సరకును కొనరాదు. ఉబ్బినదానిని, నేలపై పడి పగిలినదానిని, నీటిలో నానినదానిని ఛార్జి చేయరాదు. దిండు కింద, పరుపు మీద ఉంచి ఛార్జి చేయరాదు. మన రామగుండం, రెంటచింతల ఎండలలో నిలిపిన కారులో దానిని మరచిపోవడం ప్రమాదాన్ని చేజేతులా ఆహ్వానించడమే. విమాన ప్రయాణంలో దీనిని సామాను పెట్టెలో వేయనీయరు. వంద వాట్ గంటల లోపు ఉన్నదానిని వెంట ఉంచుకొనే చేతిసంచిలో మాత్రమే అనుమతిస్తారు. సామాను గదిలో మంట పుడితే చూచి ఆర్పేవారు ఉండరన్నదే దీనికి కారణం.

అక్కరకు రాని సాధనం ఉన్నా లేనట్టే. అలమరలో నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీ తనంతట తాను మెల్లగా ఖాళీ అవుతుంది. చాలాకాలం వాడకుండా దాచేటప్పుడు సగం ఛార్జితో చల్లని చోట ఉంచి, రెండు మూడు నెలలకొకసారి పరీక్షించాలి. వాతావరణశాఖ తుఫాను హెచ్చరిక ప్రకటించిన వెంటనే దానిని పూర్తిగా నింపాలి. దానికి తగిన తీగను దానితోనే కట్టి ఉంచాలి. విద్యుత్తు పోయిన పిమ్మట పొదుపే ప్రధానం. ఫోను తెర వెలుగును తగ్గించాలి. సంకేతం లేనిచోట ఫోను టవరు కోసం వెదకుతూ బ్యాటరీని హరిస్తుంది. కనుక ‘ఫ్లైట్ మోడ్’లో ఉంచి, గంటకొకసారి తెరచి చూడాలి. సుదీర్ఘ సంభాషణకు బదులు చిన్న సందేశం పంపాలి. వినోదానికి అది సమయం కాదు.

కాలం తీరిన బ్యాటరీని చెత్తకుప్పలో వేయడం మరొక అపరాధం. చెత్తబండిలో నలిగితే అది అంటుకొంటుంది. మట్టిలో కలిస్తే విషమవుతుంది. 2022లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, వాడిన బ్యాటరీలను సేకరించి పునరుపయోగానికి పంపే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. వాటిని సేకరణ కేంద్రానికి చేర్చడం మన బాధ్యత. అందులోని లిథియం, కోబాల్టు తిరిగి మరొక బ్యాటరీకి ప్రాణం పోస్తాయి.

తుఫానును ఆపడం మన చేతిలో లేదు. తుఫాను రాత్రి పొరుగింటి వృద్ధుని గదిలో ఒక చిన్న దీపం వెలిగించడం, ఆయన కుమారునితో ఒక్క మాట మాట్లాడించడం మన చేతిలో ఉంది. అరచేతిలో ఇమిడే ఈ చిన్న పెట్టె అంతటి మేలు చేయగలదు. అయితే దానిని నింపవలసింది చీకటి పడిన తరువాత కాదు, దీపముండగానే.

కఠిన పదాలకు అర్థాలు

గాదె = ధాన్యం నిలువ చేసే పెద్ద బుట్ట
వట్టిపోవు = ఖాళీ అగు
అడుగంటు = పూర్తిగా తరిగిపోవు
సంచాయక ఘటం = మరల మరల ఛార్జి చేయదగిన విద్యుద్ఘటం
విపణి = అంగడి, మార్కెట్టు
ఏకాంతర విద్యుత్తు = దిశను మార్చుకొంటూ ప్రవహించే విద్యుత్తు
లఘువలయం = షార్ట్ సర్క్యూట్

ప్రశ్నలు

1. లిథియం-అయాన్ ఘటం పనిచేసే విధానాన్ని రెండు గదుల పోలికతో వివరించండి.
2. 10,000 మిల్లీ ఆంపియర్ గంటల పవర్ బ్యాంకు 5,000 సామర్థ్యం గల ఫోనును రెండుసార్లు ఎందుకు నింపలేదు?
3. ‘సాధనం ఎంత చేయలేదో తెలియడం అంతకన్నా అవసరం’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
4. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మీ ఇంట మీరు తీసుకోదగిన జాగ్రత్తలను రాయండి.