కంప్యూటర్‌లో ఒకే వీడియో ఆగకుండా మళ్లీ మళ్లీ ప్లే అవ్వాలంటే ఏం చేయాలి?

ఈ రోజు టాపిక్ చూడటానికి చాలా చిన్నది. ఒక వీడియో అయిపోగానే దానంతట అదే మళ్లీ మొదలవ్వాలి, మనం మౌస్ ముట్టుకోకూడదు. దీనికి కూడా ఒక వీడియోనా అంటారేమో. నేనూ అలాగే తేలిగ్గా తీసుకుని, మా తాతయ్య పెద్దకర్మ రోజు అందరి ముందూ తల దించుకున్నాను.

మాది దుగ్గిరాల. పసుపు యార్డు ఉన్న ఊరు అంటే చాలామందికి తెలుస్తుంది. తాతయ్య జీవితమంతా పసుపుతోనే గడిచింది. ఓసారి కళ్లంలో ఆరబోసిన కొమ్ము ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని టక్కున విరిచి, "ఈ చప్పుడు రావాలిరా, అప్పుడే ఎండినట్టు" అని చెబుతుంటే ఫోన్‌లో తీశాను. నాలుగు నిమిషాల వీడియో. ఆయన మాట మా దగ్గర మిగిలింది అందులోనే.

పెద్దకర్మ రోజు షామియానా కింద ఫొటో పక్కన టీవీ పెట్టాం. లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించి, ఆన్‌లైన్‌లో పెట్టుకున్న లింక్ ఓపెన్ చేసి, ప్లే కొట్టి భోజనాల దగ్గరికి వెళ్లిపోయా. నాలుగు నిమిషాలు అయ్యాక ఆటోప్లే తన పని తను చేసింది. జనం ఫొటోకి పూలు వేస్తుంటే టీవీలో డీజే పాట! పరిగెత్తుకొచ్చి ఆపా. తప్పు నాదే, లూప్ పెట్టలేదు.

యూట్యూబ్‌లో అయితే కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే లూప్ అని వస్తుంది, అది నొక్కాలి. ఫోన్‌లో సెట్టింగ్స్ గేర్ లోపల ఉంటుంది. కానీ నలుగురు చూసే చోట నెట్‌ని నమ్మకండి. సిగ్నల్ పోవచ్చు, మధ్యలో యాడ్ రావచ్చు. ఫైల్‌ని లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని వీఎల్‌సీలో పెట్టండి. ఇది 1996లో ఫ్రాన్స్‌లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ప్లేయర్. ఫ్రీ, యాడ్స్ ఉండవు.

వీఎల్‌సీలో కింద ప్లే బటన్ వరుసలోనే గుండ్రంగా తిరిగే బాణాల గుర్తు ఉంటుంది. ఒకసారి నొక్కితే లిస్టులో ఉన్నవన్నీ తిరుగుతాయి, రెండోసారి నొక్కితే ఒక్కటే తిరుగుతుంది, మూడోసారికి ఆఫ్. కీబోర్డులో ఎల్ నొక్కినా ఇదే పని. ఎఫ్ నొక్కితే ఫుల్ స్క్రీన్.

ఇక్కడ ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటి ఉంది. వీడియో మొదలైన ప్రతిసారీ కింద ఫైల్ పేరు పడుతుంది. మాకు నాలుగు నిమిషాలకోసారి వాట్సాప్ వీడియో అని పెద్ద అక్షరాలతో వచ్చేది. టూల్స్‌లో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి, సబ్‌టైటిల్స్ పేజీలో "షో మీడియా టైటిల్" దగ్గర టిక్ తీసేసి సేవ్ కొట్టండి. వీఎల్‌సీని మూసి మళ్లీ తెరవండి, పోతుంది. లేదంటే ముందే ఫైల్‌కి తాతయ్య పేరు పెట్టేసినా బావుంటుంది, నాకు అప్పుడు తట్టలేదు.

రౌండుకీ రౌండుకీ మధ్య చిన్న నల్లటి గ్యాప్ వస్తుంది. వీడియో మొదట్లో, చివర్లో నెమ్మదిగా నల్లగా అయ్యేలా ఎడిట్ చేసుకుంటే ఆ గ్యాప్ కంటికి తెలియదు. కొందరు అదే వీడియోని ముప్పై సార్లు అతికించి పెద్ద ఫైల్ చేసి పెన్ డ్రైవ్‌లో వేస్తారు. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, జాగ్రత్త.

నోటిఫికేషన్లు ఆపడం మర్చిపోకండి. విండోస్ 11లో డు నాట్ డిస్టర్బ్ ఉంటుంది. ఛార్జర్ పెట్టే ఉంచండి, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని నెవర్ చేయండి.

సౌండ్ సంగతి మాత్రం సెట్టింగ్స్‌తో తేలేది కాదు. అదే మాట, అదే టక్ చప్పుడు పది పదిహేను సార్లు అయ్యేసరికి చుట్టాలు విసుక్కుంటున్నారనిపించి మ్యూట్ చేశా. లోపల్నుంచి నాయనమ్మ వచ్చి, "ఏరా, తాతయ్య నోరు మూసేశావేంటి?" అంది. మళ్లీ పెట్టా, కాస్త తగ్గించి. సాయంత్రం దాకా ఆవిడ ఆ టీవీ ముందు నుంచి లేవలేదు.

ఆ తర్వాత నాయనమ్మ వీడియో మొత్తం వద్దంది, ఆ కొమ్ము విరిచే ముక్క ఒక్కటే కావాలంది. దానికీ దారి ఉంది. వీఎల్‌సీలో వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ ఆన్ చేస్తే ఏ-బీ బటన్ వస్తుంది. ముక్క మొదట్లో ఒకసారి, చివర ఒకసారి నొక్కితే ఆ మధ్య భాగమే తిరుగుతుంది. డ్యాన్స్ స్టెప్పు నేర్చుకునే వాళ్లకీ ఇది బాగా పనికొస్తుంది. వీడియో మూసేస్తే మాత్రం ఆ గుర్తులు పోతాయి, ప్రతిసారీ కొత్తగా పెట్టుకోవాలి. నాయనమ్మ చేత అవన్నీ నొక్కించడం కుదరదు కదా, అందుకే ఆ పన్నెండు సెకన్లు కట్ చేసి ఆవిడ ఫోన్‌లో వేసిచ్చా. ఫోన్‌లో వీఎల్‌సీ యాప్‌కి కూడా రిపీట్ బటన్ ఉంది, అది ఎక్కడుందో ఆవిడకి ఒక్కసారే చూపించా.